కిరీటమా, కర్మఫలమా?

పాత్రధారణ వీడియో క్రీడ యేది క్రొత్తగా వెలువడినను పలువురు విమర్శకులు దాని చిత్రముల సొగసును, కథ నిడివిని, యుద్ధసంరంభమును లెక్కించి మార్కులు వేయుచున్నారు. ఇది కిరీటపు తళుకును జూచి నటుని మెచ్చుకొనుట వంటిది. ఆటగాని చేతకు ఫలము కలదా, లేదా యనునదియే ముఖ్యప్రశ్నము.

1985లో రిచర్డ్ గారియట్ అమెరికాలో వెలువరించిన ‘అల్టిమా 4’ను గమనింపుడు. అందు తుదకు సంహరింపవలసిన రాక్షసరాజు లేడు. సత్యము, దయ, శౌర్యము, న్యాయము మున్నగు ఎనిమిది గుణముల నలవరచుకొని ‘అవతారము’ అగుటయే లక్ష్యము. మన పురాణములలో దేవుడు దిగివచ్చుట యవతారము. ఇందు మానవుడు పైకెక్కుట యవతారము. మూలికల నమ్ము గ్రుడ్డి స్త్రీకి తక్కువ పైకము చెల్లించిన నామె కనిపెట్టలేదు. యంత్రము మాత్రము మరువదు, సత్యగుణము క్షీణించును. బొమ్మలు మోటువి; ధర్మము సూక్ష్మము.

2023లో బెల్జియము సంస్థయగు లారియన్ వెలువరించిన ‘బల్డర్స్ గేట్ 3’ చిత్రవైభవమున మిక్కిలి మిన్న. అయినను దాని ఘనత యందు లేదు. శరణార్థులను దోపిడిమూక పాలు చేసిన యాటగానిని సహచరులలో కొందరు విడిచిపోవుదురు. చచ్చినవారు మరల కథలో గానరారు.

మన పురాణగాథలతో క్రీడలను గట్టదలచు యువకులు దీనిని గ్రహింతురు గాక! అస్త్రములను, రథములను చిత్రించుట సులభము. ధర్మసంకటమును గల్పించి దాని ఫలమును తుదివరకు నడపుట కష్టము. పాఠకులారా! కొనుటకు ముందు ఈ ఫలమునే యడుగుడు. అడుగువారు లేనిచో చేయువారును లేరు.