దులీపు పేరు – నాయుడు పేరు

తుమ్మలపల్లె:

2024 సెప్టెంబరు మాసమున, వానకు మొగము వాచిన మన అనంతపురమునందు, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారి మైదానమున దులీప్ ట్రోఫీ పందెములు జరిగినవి. టెలివిజనులో తప్ప కంటబడని మేటి ఆటగాండ్రు, పులివెందులలో బస్సెక్కిన తుమ్మలపల్లె కుర్రవాడు పోయి చూచి రాదగినంత చేరువకు వచ్చిరి. మహానగరములకే గాని మెట్టసీమలకు అబ్బని భాగ్యము మనకు గలిగినందులకు సంతసింపవలసినదే. కాని యీ దులీపు ఎవరు? రాయలసీమ నేలమీద ఆతని పేరిట పందెమేల జరుగవలెను? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా గానవచ్చును. విచారించి చూచిన చిన్నది గాదు.

దులీప్‌సింహుడు నవానగరు రాజవంశీయుడు. రంజిత్‌సింహుని సోదర పుత్రుడు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకును, పిదప ససెక్సు కౌంటీకిని ఆడి, 1929 మొదలు 1931 వరకు ఇంగ్లండు పక్షమున 12 టెస్టులలో 995 పరుగులు చేసెను. 1930లో లార్డ్సు మైదానమున ఆస్ట్రేలియాపై 173, అదే యేట నార్తాంప్టనుషైరుపై 333 ఆతని బ్యాటునుండి వెలువడినవి. ఆతని ఆటను వంక పెట్టుట మూర్ఖత్వము. స్వాతంత్ర్యానంతరము ఆస్ట్రేలియాలో మన హైకమిషనరుగా పనిచేసి దేశమునకు సేవ యొనర్చెను గూడ. అయినను భారతదేశము పక్షమున ఆతడొక్క టెస్టయినను ఆడి యెరుగడు. 1959లో ఆతడు గతించిన పిమ్మట, 1961లో మన బోర్డువారు ప్రాంతముల పందెమునకు ఆతని పేరు పెట్టిరి. అప్పటికే మన రాష్ట్రముల పందెము, ఇంగ్లండు పక్షముననే ఆడిన రంజిత్‌సింహుని పేరిట 1934 నుండి జరుగుచుండెను.

ఇది యెట్లు సంభవించెనో తెలియవలెనన్న ఇంగ్లీషువారి క్రికెట్టు కట్టుబాటు నొకింత తెలిసికొనవలెను. ఆ దేశమున ఆటగాండ్రు రెండు జాతులు. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలలో చదివి, జీతము లేక ఆడు దొరలు ‘జెంటిల్‌మెన్’. కూలి తీసికొని ఆడువారు ‘ప్లేయర్లు’. నాయకత్వము దొరలకే చెందవలెను. ఆర్థర్ గిల్లిగన్ చరిత్ర ఇందులకు మంచి నిదర్శనము. కేంబ్రిడ్జిలో ఆడి, ససెక్సు కౌంటీకి నాయకుడైన యీతడు మొదట నిజముగా వేగముగల బౌలరే. 1924లో ఎడ్జ్‌బాస్టనున దక్షిణాఫ్రికావారు 30 పరుగులకే కూలినప్పుడు 7 పరుగులిచ్చి 6 వికెట్లు పడగొట్టెను. మరుసటి నెలలో బంతి వచ్చి గుండెపై తగిలెను. మరునాడే బ్యాటు పట్టి నూరు దాటించెను గాని, ఆ వెనుక ఆతని బంతికి మునుపటి వేగము తిరిగి రాలేదు. అయినను ఆస్ట్రేలియా యాత్రకు ఆతడే నాయకుడు. అయిదు టెస్టులలో నాలుగు ఓడిరి. ఆ టెస్టులలో గిల్లిగన్ తీసినవి 10 వికెట్లు. ఆతని ససెక్సు జట్టువాడే యగు మారిస్ టేట్ తీసినవి 38. టేట్ కూలివాడు గనుక నాయకత్వపు మాట ఎవరికిని తోచలేదు. వృత్తిపరుడైన లెన్ హటన్‌కు ఇంగ్లండు నాయకత్వము దక్కుటకు 1952 రావలసివచ్చెను. ఈ జాతిభేదము 1962లో గాని రద్దు కాలేదు. మన వర్ణవ్యవస్థనుగూర్చి మనకు పాఠములు చెప్పిన దొరలు తమ మైదానమున ఆచరించిన మడి యిది!

గిల్లిగన్‌కు మనము కొంత కృతజ్ఞులమై యుండవలెను. 1926లో ఎం.సి.సి. జట్టుతో ఇచటికి వచ్చి, భారతీయులు తమ బోర్డును తాము స్థాపించుకొనవలెనని ప్రోత్సహించినవారిలో ఆతడొకడు. 1928లో బోర్డు వెలసెను. కాని ఆతని మాటలకంటె ఎక్కువ పని చేసినది 1926 డిసెంబరు 1వ తేదీన బొంబాయి జింఖానాలో ఒక తెలుగువాని బ్యాటు. ఆ దినమున కొఠారి కనకయ్య నాయుడు రెండు గంటలలోపున 153 పరుగులు చేసెను. అందు 11 సిక్సర్లు. నాగపురమున 1895లో తెలుగు కుటుంబమున జనించిన యీ నాయుడు రాజపుత్రుడు గాడు, కేంబ్రిడ్జి విద్యార్థి గాడు. హోల్కరు సంస్థానపు కొలువులో నున్నవాడు.

దొరల పద్ధతి మన దేశమున కాలుమోపగానే దొరల స్థానమున మహారాజులు కూర్చుండిరి. 1932లో ఇంగ్లండునకు పోయిన జట్టునకు పోర్‌బందరు మహారాజు నాయకుడు. లింబ్డీ రాజకుమారుడు ఉపనాయకుడు. లార్డ్సులో మన మొదటి టెస్టునాడు వీరిరువురు ఆడకపోవుటచే నాయుడు జట్టును నడిపెను. తన ఆట చాలదని యెరిగి తప్పుకొనిన పోర్‌బందరు మహారాజు సుజ్ఞాని. అట్టి సుజ్ఞానము అధికారముగలవారియందు అరుదు. హటన్‌కు ఇరువది యేండ్లు ముందుగా, విశ్వవిద్యాలయపు ముద్ర గాని కిరీటము గాని లేనివాడు ఆంగ్లేయుల సొంత మైదానమున ఒక దేశపు జట్టును నడిపెనన్న మాట! ఆ యాత్రలో ఆతడు 1,618 పరుగులు చేసెను. విజ్డెన్ గ్రంథమువారు 1933లో ఆతనిని ఆ యేటి అయిదుగురు ఉత్తమ ఆటగాండ్రలో నొకనిగా ఎన్నిరి.

1936లో ఆ సుజ్ఞానము కానరాలేదు. ఈ పర్యాయము నాయకుడు విజయనగరము మహారాజకుమారుడు. ఈతడును తెలుగువాడే యనుట మనకు కొంచెము చేదుగా నుండును. మూడు టెస్టులలో కలిపి ఈతడు చేసినవి 33 పరుగులు. జట్టులోని మేటియగు లాలా అమర్‌నాథ్‌ను టెస్టులింకను ప్రారంభము కాకమునుపే ఇంటికి పంపించిరి. యాత్ర నడుచుచుండగనే నాయకునికి ‘సర్’ బిరుదము లభించెను. విచారణ జరిపిన బోమంటు సంఘము ఈతని నాయకత్వమును తప్పుపట్టెను. 1947లో ఆ బిరుదమును విడిచిపెట్టెనన్న మాటను గూడ ఇచట చెప్పుట న్యాయము.

ఆ జట్టులోనే కోటా రామస్వామి అను మూడవ తెలుగువాడుండెను. చేపాకములోని దొరల క్లబ్బు భారతీయులను చేరనీయని కాలమున, 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించిన బుచ్చిబాబు నాయుడుగారి కుమారుడీతడు. కేంబ్రిడ్జిలో చదివినవాడే, 1922లో డేవిస్ కప్పున మన దేశము పక్షమున టెన్నిసు ఆడినవాడు. నలువది నిండిన వయసున మాంచెస్టరులో మొదటి టెస్టాడి 40, 60. ఓవలులో 29, అవుటుగాక 41 పరుగులు చేసెను. అవుటైన పర్యాయమునకు సగటు 56. నాయకుని సగటు 8. కావున చదువు దోషము గాదు, పుట్టుక దోషము గాదు. ఆటకు బదులు వానిని కొలమానముగా పెట్టుకొనుటయే దోషము.

ఆ కొలమానము నేటికిని మన పందెముల పేళ్లలో నిలిచియున్నది. ఇంగ్లండునకు ఆడిన ఇరువురు రాజపుత్రుల పేళ్లు పెద్ద పందెములకు పెట్టితిమి. మన మొదటి టెస్టు నాయకుని పేరు ఇరువదిమూడేండ్లలోపు కుర్రవాండ్ర పందెమునకు పెట్టితిమి! జీవితకాల సేవకై 1994 నుండి నాయుడు పేరిట పురస్కారమిచ్చుచున్నారు గదా యని బోర్డువారు చెప్పవచ్చును. మంచిదే, దాని నందిన తొలివాడు 1936లో ఇంటికి పంపబడిన ఆ అమర్‌నాథే యగుట మరియు మంచిది. కాని పురస్కారము ఒక సాయంకాలపు సభ. పందెము ఏటేట పల్లెపల్లెల పిల్లవాని నోట నానుమాట.

ఎన్నడో పెట్టిన పేళ్లను ఇప్పుడు కదల్చుట తగదని కొందరందురు. 2025లో ఇంగ్లండు గడ్డపై మనము ఆడిన టెస్టుల ట్రోఫీకి పటౌడీ పేరు తీసి ఆండర్సన్–టెండూల్కరుల పేళ్లు పెట్టలేదా? అచట సాధ్యమైనది ఇచట అసాధ్యమెట్లగును? దులీపును అగౌరవపరుపుమని మేము కోరుటలేదు. క్షయవ్యాధిచే ఆతడు 27వ యేటనే ఆట మానవలసివచ్చెను. యౌవనముననే వికసించి ముగిసిన ఆట యది. కుర్రవాండ్ర పందెమునకు అంతకన్న తగిన పేరు లేదు. నాయుడో, 1916లో మొదలిడి, అరువదియొకటవ యేటను రంజీ పందెములలో ఉత్తరప్రదేశమునకు ఆడినవాడు. ఆ రెండు పేళ్లను తారుమారు చేసినచో ఇరువురకును న్యాయమగును.

ఈ మాట నెత్తవలసిన బాధ్యత ఆంధ్ర క్రికెట్టు సంఘముది. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మవతరించిన ఆ ఋతువుననే ఆంధ్రజట్టు రంజీ పందెమున తొలిసారి దిగెను. ఆ జట్టును నడిపినవాడు ఏబదియెనిమిదేండ్ల నాయుడు. అప్పటికి ఇందూరున పేరుప్రతిష్ఠలు గడించి సుఖముగా నున్నవాడు, కొత్త రాష్ట్రపు పేరు నిలుపుటకు వచ్చెను. ఆ ఋణము ఇంకను మన పద్దులోనే యున్నది. సంఘమువారు తమ సర్వసభ్య సమావేశమున ఒక్క తీర్మానము చేసి బోర్డునకు పంపుటకు ఖర్చేమియు గాదు. కర్నూలు, కడప, అనంతపురము జిల్లాల క్రీడాసంఘములు ముందుగా తమ తీర్మానములు చేసి వారికి పంపవలెను.