బిడ్డ పేరు కార్డులోకి ఎక్కేదాకా జబ్బు ఆగుతుందా?

రైతు సంఘం పత్రికలో ఆరోగ్య కార్డు సంగతి ఎందుకని కొందరు అడగొచ్చు. ఎల్‌ఎల్‌సీ చివరి భూములకు నీళ్లు రాని సంగతి ఉంది, వేదవతి ప్రాజెక్టు సంగతి ఉంది, ఉల్లి ధర సంగతి ఉంది. నిజమే. అయితే ఒకసారి ఆదోని యార్డుకు వచ్చి నిలబడి చూడండి. 2025-26కు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. సీసీఐకి పోస్తే ఆ ధర రావాలి. అయినా మన చిన్న రైతులు తక్కువకే మండీ వ్యాపారికి పోసి వస్తున్నారు. తేమ అంటారు, యాప్‌లో స్లాట్ దొరకలేదంటారు. అవన్నీ నిజమే. కానీ ఆ రైతును పక్కకు పిలిచి నిదానంగా అడిగితే ఇంకో మాట చెబుతాడు. వానాకాలంలో బిడ్డకు నెమ్ము చేసింది, ప్రైవేటు ఆస్పత్రిలో ఐదు రోజులు పెట్టాల్సి వచ్చింది, ఆ పైకం ఇచ్చింది మండీ ఆయనే. ఇచ్చినవాడికే సరుకు పోయాలి, ఆయన చెప్పిందే రేటు. మద్దతు ధర ఎంత పెంచినా ఈ రైతుకు దక్కేది లేదు.

కాబట్టి ఇది మన సమస్యే.

ఉచిత వైద్యం ఉంది కదా అని అధికారులు అంటారు. ఉంది. కాదని మేము అనడం లేదు. 2004 తర్వాత ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి పసిపిల్లల గుండె ఆపరేషన్లకు డబ్బు ఇవ్వడం పెరిగింది. ఆ దారిలోనే 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీ వచ్చింది. మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో, తర్వాత రాష్ట్రమంతా. 2014 తర్వాత దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అన్నారు. 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అన్నారు. 2024 తర్వాత మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. పథకం పేరు మూడుసార్లు మార్చడానికి ఏ ప్రభుత్వానికీ ఆలస్యం కాలేదు. మన ఇంట్లో పుట్టిన బిడ్డ పేరు కార్డులో ఒక్కసారి రాయడానికి మాత్రం ఏళ్లు పడుతోంది.

ఎందుకు పడుతోందో మన ప్రాంతం తెలిసినవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు, కానీ అమరావతిలో కూర్చున్నవాళ్లకు చెప్పాలి. మాది సరిహద్దు. హొళగుంద, కౌతాళం, కోసిగి, మంత్రాలయం మండలాల్లో సగం సంబంధాలు సిరుగుప్ప, బళ్లారి, రాయచూరు వైపే. కోడలు ఆధార్ మీద కర్ణాటక అడ్రసు ఉంటుంది. పుట్టింటి రేషన్ కార్డులో పేరుంటుంది. మొదటి కాన్పుకు పుట్టింటికి పోతుంది, బిడ్డ జనన పత్రం అక్కడి నుంచే వస్తుంది. ఇప్పుడు ఆ బిడ్డను ఇక్కడి కార్డులో ఎక్కించాలంటే ముందు తల్లి పేరు అక్కడ తీయించాలి, ఆధార్ అడ్రసు మార్చాలి, సచివాలయంలో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో చేర్చాలి, మామ కుటుంబం నుంచి కొడుకు కుటుంబాన్ని విడగొట్టాలి, బిడ్డకు ఆధార్ తీయించాలి, ఆ తర్వాత దరఖాస్తు. ఇందులో ఏ ఒక్కటి ఆగినా వెనక ఉన్నవన్నీ ఆగుతాయి. ఒక్కోదానికి ఒక రోజు కూలి పోతుంది. సర్వర్ పనిచేయకపోతే రెండు రోజులు.

ఇన్ని చేసి తీసుకుపోయినా తలుపు తెరిచి ఉండాలి కదా. 2024 ఎన్నికల కోడ్ పేరుతో ఆగిన రేషన్ కార్డుల చేర్పులు మార్పులు మళ్లీ మొదలైంది 2025 మేలో. ఏడాదికి పైనే. ఆ ఏడాదిలో పుట్టిన పిల్లలు ఎవరి లెక్కలో ఉన్నట్టు? ఎన్నికలకు కోడ్ ఉంటుంది గానీ కాన్పులకు ఉండదు. తర్వాత క్యూఆర్ కోడ్‌తో స్మార్ట్ కార్డులు పంచారు. కార్డు స్మార్ట్ అయింది, సంతోషం. బిడ్డ పేరు లేని ఇంటికి అది ఏటీఎం కార్డులా మెరుస్తూ ఉంది, అంతే.

పసిబిడ్డను తల్లి కార్డు మీదే చూస్తారు కదా అని ఒక మాట ఉంది. చూసిన చోట్లు ఉన్నాయి. జనన పత్రం చూపిస్తే సరిపెట్టిన ఆరోగ్యమిత్రలు ఉన్నారు, వాళ్లకు దండం. పేరు ఎక్కించుకుని రండి, అప్పటిదాకా డబ్బు కట్టండి అన్న చోట్లూ ఉన్నాయి. మన సభ్యులు రెండు రకాలూ చూశారు. ఎదురుగా కూర్చున్న మనిషి మంచితనాన్ని బట్టి దొరికేది హక్కు ఎట్లా అవుతుంది? అర్ధరాత్రి ఆయాసపడుతున్న బిడ్డను ఎత్తుకుని పోయిన తల్లికి ఆ బల్ల వెనక ఎవరున్నారో ముందే తెలియదు.

ఇక సుగ్గి. ఇక్కడ పత్తి తీత అయిపోగానే ఊళ్లకు ఊళ్లు లారీలెక్కి గుంటూరు, పల్నాడు మిరప కోతలకు పోతాయి. కొందరు తెలంగాణకు, కొందరు బెంగళూరు కట్టడాల పనికి. బడికి పోయే పిల్లలకు సీజనల్ హాస్టళ్లని పెడుతున్నారు, అవి ఎట్లా నడుస్తున్నాయో ఇంకో నెల రాస్తాం. బడి ఈడు రాని పిల్లలను ఎక్కడ పెట్టాలి? తల్లి వెంటే పోతారు. నాలుగు వందల కిలోమీటర్ల అవతల చేను గట్టున పట్ట కప్పిన గుడిసె, రాత్రి మంచు, పగలు మిరప ఘాటు, పక్క చేనులో మందు కొడుతుంటే ఆ గాలి. ఏడాది బిడ్డ దగ్గకుండా ఉంటుందా? కార్డులో పేరున్న బిడ్డకు గుంటూరులోనూ వైద్యం దొరుకుతుంది, రాష్ట్రం ఒకటే కాబట్టి. పేరు లేని బిడ్డకు మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సే బీమా. అది కోతల కూలిలో కోసుకుంటారు. అదే సమయంలో ఊళ్లో ఈ-కేవైసీకి రమ్మని సచివాలయం నుంచి కబురు వస్తుంది. ఐదేళ్ల లోపు పిల్లలకు వేలిముద్ర అక్కర్లేదంటారు. సరే, ఐదు నిండగానే ఆధార్‌కు వేలిముద్రలు, కంటిపాప ఇవ్వాలి, ఏడేళ్లలోపు ఇవ్వకపోతే ఆ ఆధార్ పనిచేయకుండా పోవచ్చు. సుగ్గిలో ఉన్న కుటుంబానికి ఆ తేదీ గుర్తుండాలట.

జనన పత్రం కూడా తేలికేమీ కాదు. 21 రోజుల్లో చెప్పాలి. ఏడాది దాటితే ఆర్డీవో ఆఫీసుల చుట్టూ తిరగాలి. గుడిసెలో, దారిలో కాన్పు అయిన ఆడబిడ్డను అడగండి, ఆ ఏడాది ఎట్లా గడిచిపోతుందో చెబుతుంది.

మాకు అన్నిటికంటే కోపం తెప్పించే సంగతి వేరే ఉంది. ఆ బిడ్డ ప్రభుత్వానికి తెలియనిది కాదు. తల్లి మూడో నెలలోనే ఏఎన్‌ఎం పేరు రాసుకుంది, నంబరు ఇచ్చింది. మాత శిశు రక్షణ కార్డు ఉంది. టీకాల లెక్క ఉంది. అంగన్‌వాడీ టీచర్ నెలనెలా బరువు చూసి ఫోన్‌లో ఎక్కిస్తోంది. ఇన్ని చోట్ల కనబడిన బిడ్డ ఆస్పత్రి బల్ల దగ్గర మాత్రం కనబడదు. మన పత్తికైనా అంతే కదా, చేలో నిలబడి కళ్ల ముందు కనిపిస్తున్న పంట ఈ-క్రాప్‌లో లేదంటే లేదు. పంట పోతే మరుసటేడు వేసుకుంటాం.

కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019-21లో జరిగింది. దాని ప్రకారం మన రాష్ట్రంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 35 మంది ఐదేళ్లు నిండకుండా పోతున్నారు. వాళ్లలో 30 మంది మొదటి ఏడాదిలోనే. ఆరు నెలలు దాటిన ఐదేళ్లలోపు పిల్లల్లో వందకు 63 మందికి రక్తహీనత. మొదటి ఏడాదిలోనే ప్రాణాలు పోతుంటే, ఆ మొదటి ఏడాదినే మనం కాగితాల కోసం ఖర్చు పెడుతున్నాం. చెవుడు చిన్నతనంలో కనిపెట్టి సరిచేయకపోతే మాట రాదు. గుండెలో రంధ్రం ఉన్న బిడ్డ సచివాలయం తేదీ కోసం ఎదురు చూడదు.

2025 సెప్టెంబరులో మంత్రివర్గం కొత్త ఆరోగ్య బీమాకు ఒప్పుకుంది. 1.63 కోట్ల కుటుంబాలకు, ఆదాయంతో పని లేకుండా. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు. అందరికీ అన్న మాట మంచిదే. కానీ లెక్క కుటుంబాలతోనే ఉంది. ఆ కుటుంబంలో ఎవరెవరు అనే జాబితా మళ్లీ ఈ మ్యాపింగ్ నుంచే వస్తే మన బిడ్డ బయటే ఉంటుంది. ఇప్పటిదాకా పేరు లేదని పంపింది ఆస్పత్రి బల్ల. రేపు పంపేది లాభం చూసుకునే కంపెనీ. పంటల బీమా కంపెనీలతో మనకున్న అనుభవం వేరే చెప్పాలా? అదే 2025 అక్టోబరులో బకాయిలు ఇవ్వలేదని ప్రైవేటు ఆస్పత్రులు ఎన్టీఆర్ వైద్య సేవలు ఆపేశాయి. ప్రభుత్వం కట్టాల్సిన బాకీకి పేషెంట్లు గేటు బయట నిలబడ్డారు. సొంత ప్రభుత్వాస్పత్రి బలంగా ఉంటే ఈ బెదిరింపు పనిచేసేదా? ఆదోనికి వచ్చిన మెడికల్ కాలేజీని పీపీపీకి ఇచ్చే మొదటి నాలుగింటిలో పెట్టినవాళ్లే దీనికి జవాబు చెప్పాలి.

పేర్లు ఎక్కించుకోవడం తల్లిదండ్రుల బాధ్యత అనేవాళ్లకు ఒక సంగతి. అమెరికాలో పేదలకు మెడికెయిడ్ అనే ప్రభుత్వ బీమా ఉంది. అక్కడా ఆదాయం కాగితాలు సమయానికి చూపలేదని పిల్లల పేర్లు తీసేసేవాళ్లు. ఒరెగాన్ రాష్ట్రం 2023 నుంచి, బిడ్డను ఒకసారి చేర్చుకుంటే ఆరేళ్లు నిండేదాకా తీసేది లేదని పెట్టింది. 2024 జనవరి నుంచి దేశమంతా 19 ఏళ్లలోపు వాళ్లను కనీసం 12 నెలలు తీయకూడదని చట్టం వచ్చింది. 2025లో ట్రంప్ ప్రభుత్వం వచ్చి, ఆరేళ్ల దాకా ఇచ్చే అనుమతులను ఇక పొడిగించబోమంది. పన్నెండు నెలలది చట్టం కాబట్టి నిలిచింది. అందుకే మేము జీవో అడగడం లేదు, చట్టం అడుగుతున్నాం.

ఏమని? బిడ్డ పుట్టిన రోజు నుంచి ఆరేళ్లు నిండేదాకా వైద్యం ఆ బిడ్డ పేరు మీదే ఉండాలి. కాన్పు అయిన ఆస్పత్రో, ఏఎన్‌ఎం రిజిస్టరో దానికి చాలాలి. బియ్యం కార్డు ఉన్నా లేకున్నా, కుటుంబం విడిపోయినా, తల్లి ఆధార్ ఏ రాష్ట్రానిదైనా, ఈ-కేవైసీ కాకపోయినా మధ్యలో ఆగకూడదు. ఆపరేషన్లకే కాదు, జ్వరానికి, విరేచనాలకు, నెమ్ముకు ఓపీలో చూపించినా వర్తించాలి, మన పిల్లలకు వచ్చేవి ఎక్కువగా అవే. హొళగుంద వాళ్లకు కర్నూలు పెద్దాస్పత్రి కంటే బళ్లారి దగ్గర, మంత్రాలయం వాళ్లకు రాయచూరు దగ్గర. ఆ ఊళ్ల ఆస్పత్రుల్లో కూడా చెల్లాలి. ఆస్పత్రికి బాకీ ఉంటే ప్రభుత్వంతో తేల్చుకోవాలి, బిడ్డను వెనక్కి పంపితే ఆ ఆస్పత్రి మీద చర్య ఉండాలి.

ఖర్చెక్కువ అంటారేమో. ఏడాదికేడాది కొత్తగా పుట్టిన పిల్లలు ఎందరో ప్రభుత్వం దగ్గర లెక్క ఉంది. వాళ్లలో పెద్ద ఆపరేషన్ అవసరమయ్యేది కొద్దిమందికే. ఎమ్మెల్యేలు లెక్క అడిగి చెప్పాలి.

ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, ఆలూరు నియోజకవర్గాల్లోని సంఘం శాఖలు చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి ఊళ్లో ఆరేళ్లలోపు పిల్లలను ఇల్లిల్లూ తిరిగి రాయండి. కార్డులో పేరుందా లేదా, లేకపోతే ఏ కాగితం దగ్గర ఆగింది, ఆస్పత్రిలో ఎంత ఖర్చయింది, ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చారు. అంగన్‌వాడీ టీచర్ రిజిస్టరుతో సరిచూసుకోండి, ఆమె కాదనదు, ఆమె బాధలు ఆమెకున్నాయి. ఎమ్మిగనూరు మగ్గం ఇళ్లను వదలొద్దు, వాళ్లూ మనలాంటివాళ్లే. జాబితాలు కట్టగట్టి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కలెక్టరు చేతికే ఇద్దాం, రసీదు తీసుకుందాం. సంక్రాంతి తర్వాత ఊళ్లలో ముసలివాళ్లు తప్ప ఎవరూ దొరకరు. సుగ్గి లారీలు కదిలేలోపే ఈ పని పూర్తి కావాలి.