ఎనిమిదవ తరగతి తరువాత

విజయనగరాధీశ్వరులు ఆనందగజపతి మహారాజులుంగారు నాటి విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లపాటు జరిగిన కన్యాశుల్క వివాహములకు లెక్క వ్రాయించిరి. 1034 తేలినవి. వధువులలో అయిదేండ్లవారు 99 మంది, ఏడాది ప్రాయపు పసికందులు ముగ్గురు. గురజాడ అప్పారావుగారు 1897లో తమ నాటకమునకు వ్రాసిన ఆంగ్ల పీఠికలో ఈ లెక్కను లోకమునకు వెల్లడించిరి. నాటి అమ్మకము పోయినది, కట్నము వచ్చినది. ఆడపిల్లను ఎట్లయినను వదిలించుకొనవలెనను తొందర మాత్రము పోలేదు.

1929 శారదాశాసనము వధువునకు 14 ఏండ్లు నిర్ణయించెను. 1978లో అది 18 అయినది. శాసనము పెండ్లి వలదనును గాని, అందాక ఆ పిల్ల ఎవరి పంచను, ఏమి తిని, ఏమి చదువుకొనుచు నుండవలెనో చెప్పదు. ఆ ప్రశ్నకు బదులు చెప్పునది వసతిగల పాఠశాల యొక్కటియే.

గ్రామీణ స్త్రీల అక్షరాస్యత దేశపు సగటునకు తగ్గినచోట్ల 2004లో కస్తూరిబా బాలికా విద్యాలయములు ఏర్పడినవి. నూటికి 75 స్థానములు దళిత, గిరిజన, వెనుకబడిన తరగతుల, అల్పసంఖ్యాకుల బాలికలకును, తక్కినవి దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబముల పిల్లలకును ఉద్దిష్టములు. భోజనము, బస, పుస్తకములు ఉచితము. 2011 జనాభా లెక్కలలో స్త్రీల అక్షరాస్యత శ్రీకాకుళము జిల్లాలో నూటికి 52, విజయనగరము జిల్లాలో 50కి లోపు. ఈ విద్యాలయములు మనకు ఎంత యవసరమో వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే ఇవి మొదట ఎనిమిదవ తరగతితోనే ఆగినవి. అప్పటికి పిల్లకు పదమూడు, పదునాలుగేండ్లు. తలిదండ్రులు కూలికై దూరదేశము వలసపోయియుందురు. ఇంట ముసలి అవ్వయు, చిన్న తమ్ములును. ఎదిగిన పిల్లకు కాపుదల పెండ్లియే యని వారి భయము. వారిని మేము నిందింపజాలము. 2008లో కేంద్రప్రభుత్వము తొమ్మిదవ తరగతిలో చేరిన అవివాహిత బాలిక పేర 3000 రూపాయలు బ్యాంకులో వేయు పథకము పెట్టినది. మూడువేలు! పెండ్లిలో మేళగాండ్రకైన చాలునా? ప్రతిభా పరీక్షలో నెగ్గినవారికి ఏటేట 12,000 రూపాయల విద్యార్థివేతన మున్నది, మంచిదే. కాని చదువు సాగుటకు పేదపిల్ల అందరికంటె మిన్న కావలెనా? మన పిల్లలకు అట్టి నియమము మనము పెట్టితిమా?

2018లో సమగ్రశిక్షా పథకము ఈ విద్యాలయములను పండ్రెండవ తరగతిదాక పెంచుకొన ననుమతించెను. ఆ తరగతి ముగియునప్పటికి శాసనము కోరిన వయస్సు ఇంచుమించు నిండును. ఇందుకై మేము సంతోషించుచున్నాము. కాని బోధించువారు కాంట్రాక్టు పద్ధతిపై నియమింపబడుచున్నారు. భౌతికశాస్త్రము చెప్పునామె స్థిరమైన ఉద్యోగము దొరికి నడుమ వెడలిపోయినచో, పరీక్ష తప్పునది పిల్ల. తప్పినంతనే ఇంట సంబంధము సిద్ధము. స్థిరమైన ఉపాధ్యాయులు లేక తరగతులు పెంచుట పునాది లేని మేడ. ప్రభుత్వము ఈ ఖాళీలను రెగ్యులరు ఉద్యోగములుగా నింపవలెను.

ఇక మన గ్రామముల పెద్దల మాట. ఇట్టి పెండ్లిండ్లకు అప్పిచ్చువారు ఎవరు? ముందు వరుసలో కూర్చుండి అక్షతలు వేయువారు ఎవరు? పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చునది సంక్రాంతికి. పండుగ వెళ్లినపిమ్మట బడి తెరచిన తొలిదినముననే ఎవరు మరలి రాలేదో విద్యాలయాధికారిణి పట్టీ వ్రాసి ఆయా గ్రామములకు పంపవలెను. పట్టీ అందిన సాయంకాలమే ఊరి పెద్దలు ఆ యింటికి నడచిపోవలెను.