చేతికి గడువుంది, ఆమెకు తీరిక లేదు

చెయ్యి విరిగితే కట్టు కడతారు. చెయ్యి తెగితే కుట్లు వేస్తారు. చెయ్యి ఉండీ లేనట్టయితే ఏం చేస్తారు? భుజం నుంచి వేళ్ల దాకా అంతా ఉంటుంది, కానీ ఎత్తుదామంటే లేవదు, నిప్పు తగిలినా తెలియదు. ఇది డాక్టర్లు తేల్చుకోవాల్సిన సంగతని మనం ఇన్నాళ్లూ పక్కన పెట్టాం. ఇది స్త్రీల హక్కుల సమస్య కూడానని, అందులోనూ మన సంఘాలు మొదటి వారం నుంచే కల్పించుకోవాల్సిన సమస్య అని నా అభిప్రాయం.

వేంపల్లె, దాని చుట్టుపక్కల పల్లెలు వానను నమ్ముకుని శెనక్కాయ వేసే నేలలు. పీకి ఆరబెట్టిన చెట్లను మిషన్‌లోకి అందించే పనిలో ఆడకూలీలు ఉంటారు. కొంగు గానీ చేతి గాజు గానీ తిరిగే భాగానికి చిక్కిందంటే మిషన్ చేతిని లాగేస్తుంది. రోడ్డు మీద ఇంకో ప్రమాదం ఉంది. శ్రావణ శనివారాల్లో గండి ఆంజనేయస్వామి గుడికి వెళ్లే బండ్లను చూడండి. మొగుడు నడుపుతుంటే వెనక ఒక పక్కకు కూర్చున్న భార్య, ఆమె ఒడిలో బిడ్డ. బండి పడితే ఆమె భుజం మీద పడుతుంది. తల ఒక వైపుకు, భుజం ఇంకో వైపుకు లాగబడతాయి. మెడలో వెన్నుపాము నుంచి బయలుదేరి, గూడ ఎముక కింద నుంచి చేతికి దిగే నరాల కట్ట సాగిపోతుంది, తెగుతుంది, ఒక్కోసారి వెన్నుపాము దగ్గరే వేళ్లతో సహా ఊడి వస్తుంది.

మన వాడుకలో ‘నరం’ అనే మాటతోనే చిక్కు మొదలవుతుంది. రక్తం పారేదాన్నీ నరమే అంటాం, స్పర్శనూ కదలికనూ మోసేదాన్నీ నరమే అంటాం. రక్తం ఆగింది, ఎముకకు కట్టు పడింది అంటే అందరికీ నిమ్మళం. పుత్తూరు కట్టు కట్టించుకుని వస్తారు. ఎముక అతుక్కుంటుంది కూడా. చెయ్యి లేవకపోతే ‘కట్టు విప్పినాక సర్దుకుంటుందిలే’ అంటారు. ఎముకకు కట్టిన కట్టు నరాన్ని అతికించదని ఎవరూ చెప్పరు.

నరానికి ఒక లెక్క ఉంది. తెగిన నరం అతికించిన చోటు నుంచి రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే నెలకు ఒక అంగుళం. మెడ దగ్గర దెబ్బ తగిలితే అది వేళ్ల దాకా పాకడానికి రెండేళ్లు కావాలి. కానీ కండ అంతకాలం కాచుకోదు. నరం అందని కండ ఏడాది, ఏడాదిన్నరలో తిరిగి పనికి రానంతగా ఎండిపోతుంది. అందుకే కొడవలితోనో గాజుతోనో నున్నగా తెగిన నరాన్ని కొద్ది రోజుల్లోనే కుట్టాలి. సాగిపోయిన నరమైతే అదే కోలుకుంటుందేమో మూడు నెలలు చూసి, నరాల పరీక్షలు చేయించి, కోలుకునే సూచన లేకపోతే ఆరు నెలలు దాటకుండా ఆపరేషన్ చేయడం మేలు. ఆ తర్వాత ఎంత ఖర్చు పెట్టినా ఫలితం తగ్గుతూ పోతుంది.

ఇప్పుడు ఈ లెక్కను మన పల్లెలో ఒక కూలీ మనిషి జీవితం పక్కన పెట్టి చూద్దాం. కార్తీకంలో మిషన్ దగ్గర ఆమె చెయ్యి పోయిందనుకుందాం. కట్టు విప్పేసరికి సంక్రాంతి. పండక్కి వచ్చిన బిడ్డలు వెళ్లేదాకా ఆగాలి. శివరాత్రికి కాయలు అమ్మిన డబ్బు వస్తుంది, అది పాత అప్పుకు పోతుంది. ఉగాది నాటికి అయిదు నెలలు. ఎండాకాలంలో మరిది పెళ్లి. ఆరుద్ర కార్తెకు విత్తనాలు వేయాలి. అప్పటికి ఎనిమిది నెలలు దాటాయి. ఇందులో దుర్మార్గులెవరూ లేరు. అయినా ఆమె చెయ్యి పోయింది. ఆ ఇంట్లో ప్రతి పనికీ ఒక ముహూర్తం ఉంది, ఆమె చేతికి మాత్రం లేదు.

మగవాడి చెయ్యి పడిపోతే ఇల్లు ఇంతసేపు ఆగదు. అతని చెయ్యి సంపాదన అని అందరికీ తెలుసు. ఆడదాని చెయ్యి చేసే పని కంటికి కనిపించదు, ఆగిపోయిన రోజున తప్ప. సంగటి కెలకాలంటే ఒక చెయ్యి గిన్నెను పట్టుకోవాలి, ఇంకోటి తెడ్డు తిప్పాలి. బిందె చంకనెత్తుకోవాలి, బిడ్డకు పాలివ్వాలి, బట్టలు పిండాలి. తన ఒంటి మీద పనికే రెండు చేతులు కావాలి. జడ వేసుకోవాలి, రవిక హుక్కులు పెట్టుకోవాలి, కుచ్చిళ్లు పోసుకోవాలి. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీ జీతం లేని ఆ పనికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, చేసే పురుషుడు 97 నిమిషాలు పెడుతున్నాడు. ఇంటి పనికీ ఆదాయపు లెక్క కట్టాలని 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం కేసులో చెప్పింది. అయితే ఆ మాట చనిపోయిన గృహిణి నష్టపరిహారం గురించి వచ్చింది. బతికున్న గృహిణి చేతి విలువ గురించి ఇంట్లో మాట్లాడేదెవరు?

ఆపరేషన్ దాకా వెళ్లగలిగినా ఇంకో ప్రశ్న ఉంది. నిర్ణయం ఎవరిది? ఆసుపత్రి కాగితం మీద మొగుడో కొడుకో సంతకం పెడతాడు. డాక్టరు వాళ్లతో మాట్లాడతాడు, ఆమె మంచం మీద వింటుంది. ఒక స్త్రీ మత్తులో ఉండగా ఆమె తల్లి చేత ఒప్పించి గర్భసంచి తీసేసిన సమీరా కోహ్లి కేసులో 2008లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: స్పృహ, తెలివి ఉన్న వయోజన స్త్రీకి బదులు ఇంకెవరి ఒప్పుకోలూ చెల్లదు. చేయబోయేదేమిటి, లాభమేమిటి, ప్రమాదమేమిటి, వేరే దారేమిటి అన్నది ఆమెకే చెప్పాలి. అవసరం లేకపోయినా ఆడవాళ్ల గర్భసంచులు తీసేయడం మీద మనం పోరాడాం. అక్కడ మితిమీరిన తొందర, ఇక్కడ అంతులేని ఆలస్యం. రెండు చోట్లా ఆమెను అడిగినవాళ్లు లేరు.

ఆమెకు చెప్పాల్సిన నిజాలు ఇవి. తెగిన నరానికీ నరానికీ మధ్య ఖాళీ ఉంటే పిక్క నుంచి ఒక నరం తీసి అక్కడ అతుకుతారు. దానివల్ల పాదం పక్క కొంత మొద్దుబారుతుంది. మెడలో వేళ్లే ఊడిపోతే పక్కటెముకల మధ్య నుంచో, మెడ కండ నుంచో పనిచేసే నరాన్ని మళ్లించి చేతికి ఇస్తారు. చేతి నరాల్లో కొన్ని బాగుంటే ఇంకో దారి ఉంది. ముంజేతికి వెళ్లే నరంలో కొన్ని పోగులు తీసి మోచేతిని మడిచే కండకు కలిపే పద్ధతిని ఫ్రాన్స్ వైద్యుడు ఒబెర్లాన్ 1994లో ప్రకటించాడు. నరం పెరగాల్సిన దూరం తగ్గుతుంది కాబట్టి కదలిక తొందరగా వస్తుంది. పెద్ద దెబ్బల్లో వైద్యులు మొదట మోచేయి మడవడం కోసం, భుజం నిలబడటం కోసం చూస్తారు. వేళ్ల నైపుణ్యం తిరిగి రావడం చాలా కష్టం. నొప్పి, మంట ఏళ్ల తరబడి వెంటాడవచ్చు, దానికి వేరే మందులు ఉన్నాయి. స్పర్శ లేని చెయ్యి పొయ్యి దగ్గర కాలినా తెలియదు. ఈ ఒక్క జాగ్రత్త ముందే చెప్పకపోవడం వల్ల జరిగే నష్టం వంట చేసే మనిషికే ఎక్కువ.

ఇదంతా విని ‘ఇంత చేసి మోచెయ్యి ఒక్కటే మడుచుకునేట్టయితే నాకొద్దు’ అని ఆమె అంటే? అలా అనే హక్కు ఆమెకు ఉంది. ఆపరేషన్ చేయించడమే మన విజయమని నేను అనడం లేదు. గడువు లోపల, పూర్తిగా తెలుసుకుని, తానే చెప్పిన ‘వద్దు’ ఒక నిర్ణయం. డబ్బు దొరక్క, ఎవరూ తీసుకుపోక, గడువు దాటాక మిగిలిన ‘వద్దు’ నిర్ణయం కాదు. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం మానుకోవాలి.

గడువు దాటినా అన్ని దారులూ మూసుకుపోవు. పనిచేసే కండ తాడును మళ్లించి పనిచేయని వేళ్లకు కలిపే ఆపరేషన్లు ఉన్నాయి. మన వాళ్లు రాయవేలూరు అని పిలిచే వెల్లూరులో 1940ల చివర నుంచి డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల చేతుల మీద ఈ పని చేశాడు. 1954లో రోడ్డు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడిపోయిన డాక్టర్ మేరీ వర్గీస్ అక్కడే చక్రాల కుర్చీలో కూర్చుని ఆ చేతులకు ఆపరేషన్లు చేసింది. 1966లో అక్కడ పునరావాస కేంద్రం నెలకొన్నది ఆమె పట్టుదల వల్లే. ఆపరేషన్ అయ్యాక మనిషిని మళ్లీ జీవితంలో నిలబెట్టడమే అసలు వైద్యమని తన అనుభవంతో తెలుసుకున్న మనిషి ఆమె.

మన దగ్గర విరిగిపోయేది సరిగ్గా ఆ చివరి భాగమే. నరం అతికించాక కనీసం రెండేళ్లు వ్యాయామం చేయాలి, కీళ్లు బిగుసుకోకుండా రోజూ కదిలించాలి. పని చేయలేని కోడలిని ఈ రెండేళ్లకు పుట్టింటికి పంపడం మనకు తెలిసిన ఆచారమే. అక్కడ వదినకు భారం, ఇక్కడ తన బిడ్డలు దూరం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం గురించి అందరికీ తెలుసు. ఆపరేషన్ అయినవాళ్లకు విశ్రాంతి రోజుల్లో రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 దాకా ఇచ్చే ఆరోగ్య ఆసరాను 2019లో రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించింది. విశ్రాంతి కూడా వైద్యంలో భాగమేనని ప్రభుత్వమే ఒప్పుకున్న సందర్భం అది. నరాల ఆపరేషన్‌కు ఆ విశ్రాంతి వారాల్లో తీరదు, నెలల తరబడి కావాలి. బస్సు చార్జీ, తోడు వచ్చే మనిషి కూలి, ఫిజియోథెరపీ కూడా ఆ లెక్కలోకి రావాలని మనం అడగాలి.

ఇక పరిహారం. ధాన్యం నూర్చే మిషన్లలో చేతులు పోతున్నాయని 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల చట్టం చేసింది. మిషన్ దగ్గర పనిచేసేవారికి దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలని అందులో ఉంది. 1923 నాటి కార్మిక పరిహార చట్టం యంత్రాలతో జరిగే సేద్యాన్ని తన జాబితాలో చేర్చింది. ఒక అవయవం వాడకం పూర్తిగా, శాశ్వతంగా పోతే ఆ అవయవమే పోయినట్టు లెక్కించాలని దాని షెడ్యూలు చెప్పింది. వేలాడే చేతికి ఇంతకన్నా పనికొచ్చే వాక్యం లేదు. ఎడమ చెయ్యి పోయిన ఒక వడ్రంగికి సంపాదన శక్తి నూటికి నూరు శాతం పోయిందని 1975లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, ఎందుకంటే ఒక్క చేత్తో వడ్రం పని సాగదు. ఒక్క చేత్తో శెనక్కాయ పీకడం సాగుతుందా? కలుపు తీయడం సాగుతుందా? అదే వాదన కూలీ స్త్రీకీ వర్తించాలి. పాత కార్మిక చట్టాలు ఇప్పుడు కోడ్‌లలో కలిశాయి. చట్టం పేరు మారినా అడగాల్సింది ఇదే.

కానీ పొలం ఒకరిది, మిషన్ ఇంకొకరిది, కూలీలను పిలిచిన మేస్త్రీ మరొకరు. చెయ్యి పోయాక ఎవరికి వారు ‘నాకేం సంబంధం’ అంటారు. బదులు కూలికి పోయిన మనిషికైతే యజమానే లేడు. అందువల్ల ప్రమాదం జరిగిన రోజే ఎవరి పొలం, ఎవరి మిషన్, కూలి ఎంత, సాక్షులెవరు అన్నది రాసి పెట్టాలి. ఆసుపత్రి చీటీలో ‘మిషన్ వల్ల’ అని నమోదు చేయించాలి. ఆమె నొప్పితో మెలికలు తిరుగుతున్నప్పుడు ఇది చేయగలిగేది పక్కనున్న మనమే.

చెయ్యి కదలడం లేదని తెలిసిన వారంలోనే సంఘం మనిషి ఆ ఇంటికి వెళ్లాలి. దెబ్బ తగిలిన తేదీని గోడ మీద క్యాలెండర్‌లో గుర్తు పెట్టి, మూడో నెల, ఆరో నెల ఎప్పుడో ఇంట్లో అందరికీ చూపించాలి. డాక్టరు దగ్గరికి ఆమెతో వెళ్లి, మాటలు ఆమెకు తెలుగులో చెప్పించాలి. పొదుపు సంఘాలు పెళ్లికి అప్పు ఇస్తున్నట్టే, ప్రయాణానికీ పరీక్షలకూ ముందుగా ఇవ్వాలి. ఆపరేషన్ అయ్యాక వంట, నీళ్లు, పిల్లల పనిని మొగుడూ అత్తమామలూ ఎలా పంచుకుంటారో ఊరి మీటింగులోనే మాట్లాడాలి. ఇంటి విషయమని దాటేస్తే, రెండో నెలకే ఆమె ఆ చేత్తో బిందె ఎత్తుతుంది.

నరం తన వేగంతోనే పెరుగుతుంది, దాన్ని మనం తొందరపెట్టలేం. మనుషులనూ, ఆఫీసులనూ తొందరపెట్టగలం. ఇన్నేళ్లుగా మన సంఘాలు నేర్చుకున్నది ఆ పనే కదా.