పురుగుమందులు మోసే వారికి శిక్షణ ఏది?

పురుగుమందుల సురక్షిత వినియోగంపై మన విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు ఏటా శిక్షణలు నిర్వహిస్తున్నాయి. పిచికారీ చేసే రైతుకు వాటిలో చోటుంది. అమ్మే డీలరుకు హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లో ప్రారంభించిన 48 వారాల ‘దేశి’ డిప్లొమా ఉంది. గోదాము నుండి దుకాణానికి, దుకాణం నుండి ఊరికి ఆ మందును చేరవేసే హమాలీని, ట్రాలీ ఆటో డ్రైవరును మాత్రం మనం సాధారణంగా లెక్కలోకి తీసుకోవడం లేదు.

విచిత్రమేమంటే, మన దేశంలో క్రిమిసంహారక మందుల చట్టానికి దారితీసిన దుర్ఘటన పొలంలో జరిగినది కాదు, రవాణాలో జరిగినది. 1958లో ఒకే ఓడలో పారథియాన్‌తో పాటు వచ్చిన గోధుమపిండి విషపూరితమై కేరళలో నూరుమందికి పైగా మరణించారు. ఆ తరువాతి విచారణల ఫలితంగానే 1968 చట్టం, 1971 నియమావళి వచ్చాయి. ఆహార పదార్థాలకు, పశువుల దాణాకు తగిలేలా పురుగుమందులను రవాణా చేయరాదని, దారిలో మందు కారితే విషప్రభావాన్ని, నేల, నీటి కాలుష్యాన్ని వెంటనే అరికట్టే బాధ్యత రవాణాదారుదేనని ఆ నియమావళి స్పష్టంగా చెబుతున్నది. అయినా తొలకరి రోజుల్లో ఏ మండల కేంద్రంలో చూచినా ఒకే ట్రాలీలో బియ్యం బస్తాలు, దాణా, మందు పెట్టెలు కలిసి ప్రయాణిస్తూనే ఉన్నాయి.

ప్రమాదకర సరుకు నడిపే డ్రైవరుకు 3 రోజుల శిక్షణ ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 9వ నియమం నిర్దేశిస్తున్నది. ఇది మంచి నియమమే. కాని ఆచరణలో ఆ ధ్రువపత్రాన్ని ట్యాంకరు డ్రైవరును అడిగినట్లు ట్రాలీ ఆటో డ్రైవరును అడిగేవారు అరుదు. పైగా ఆ నియమం చక్రం పట్టినవాని గురించి చెబుతుందే గాని, పెట్టెను భుజాన వేసుకున్నవాని గురించి చెప్పదు.

హమాలీకి ఉన్న ముప్పు ప్రత్యేకమైనది. ఆర్గానోఫాస్ఫేటు మందులు నోటి ద్వారానే కాక చర్మం ద్వారా కూడా శరీరంలోకి చేరుతాయి. మూత వదులైన సీసా నుండి కారిన ద్రవాన్ని మొదట పీల్చుకునేది అతని భుజంపై ఉన్న తువ్వాలే. అదే తువ్వాలుతో అతడు చెమట తుడుచుకుంటాడు, అన్నం తిన్నాక మూతి తుడుచుకుంటాడు. జాగ్రత్తలు, విరుగుడు తెలిపే కరపత్రం పెట్టె లోపల భద్రంగా ఉంటుంది. అతని చేతికి వచ్చేది పెట్టె మాత్రమే.

ఇటువంటి వారికి తరగతి గది, ప్రొజెక్టరు అవసరం లేదు. రోజుకూలీ పోగొట్టుకుని ఎవరూ మన ప్రాంగణానికి రారు కూడా. ఖరీఫ్ సరుకు దిగకముందే, ఏప్రిల్, మే నెలల్లో, శాస్త్రవేత్తలే డిపో వద్దకు వెళ్ళి రెండు గంటలు వెచ్చిస్తే చాలు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలలో ఏది ఎంత విషమో చూపాలి. రంగునీళ్ళు నింపిన సీసాను ఒలికించి, దానిపై ఇసుకో రంపపు పొట్టో చల్లి ఎత్తే పద్ధతిని వారి చేతనే చేయించాలి. నీళ్ళతో కడిగి కాలువలోకి వదలడం ఎందుకు తప్పో అప్పుడు చెబితే నాటుకుంటుంది. మందు ఒంటిపై పడితే బట్టలు విప్పి సబ్బుతో కడగాలని, మింగినవారి చేత బలవంతంగా వాంతి చేయించరాదని, ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు లేబులు వెంట తీసుకుపోవాలని చెప్పాలి. విరుగుడు మందును బట్టి మారుతుంది కనుక లేబులు లేనిదే వైద్యుడు చీకటిలో వెతుకవలసి వస్తుంది.

ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న సహజం. చేతితొడుగులు, సబ్బు, ఒక బకెట్టు ఇసుక గోదాము యజమాని సమకూర్చాలి; ఆనాటి కూలి కంపెనీలు ఇవ్వాలి. బోధన మన పని. రాబోయే సంవత్సరపు శిక్షణ కార్యక్రమాల ప్రణాళికలో ప్రతి కృషి విజ్ఞాన కేంద్రం హమాలీలకు కనీసం ఒక్క రోజును కేటాయించేలా విస్తరణ విభాగం ఆదేశాలివ్వాలి.