బోర్డు లేని హోటళ్ళు

హిందూపురంలోనూ, పెనుకొండలోనూ, ధర్మవరంలోనూ రోడ్డు పక్కన రేకుల కప్పు కింద నడిచే కొన్ని హోటళ్ళకు పేరు రాసిన బోర్డు ఉండదు. తెలిసినవారికి తెలుసు. లారీ డ్రైవరుకు తెలుసు, తాపీ పనికి వచ్చిన కూలీకి తెలుసు, రాత్రి రైలు దిగి ఆకలితో నడిచే ప్రయాణికుడికి ఎవరో ఒకరు చెబుతారు. పొయ్యి మీద పెద్ద డేక్షాలో షేర్వా, పెనం మీద పరోటా, నిప్పుల మీద సీకులు, ఒక మూల కుస్కా. ‘బడే కా హై క్యా?’ అని అడగవలసిన అవసరం లేదు. బోర్డు లేకపోవడమే జవాబు.

కియా కార్ల కర్మాగారంలో 2019లో ఉత్పత్తి మొదలైన తరువాత ఎర్రమంచి చుట్టుపక్కల, 44వ నెంబరు జాతీయ రహదారి వెంబడి తినుబండారాల వ్యాపారం పెరిగింది. వాటికి రంగురంగుల దీపాల బోర్డులున్నాయి. మనం చెబుతున్న హోటళ్ళకు మాత్రం చింతచెట్టో, పంక్చర్ షాపో, మసీదు సందో చిరునామా. అక్కడ బల్లలు తక్కువ, కూర్చునేవారు ఎక్కువ. మన ఆటో డ్రైవర్లు, మెకానిక్కులు, పండ్ల బండ్లవారు ఉంటారు. మాదిగవాడల నుంచి వచ్చిన కూలీలూ ఉంటారు. వారి మాటలో అది పెద్దకూర, మన మాటలో బడే కా గోష్త్. కిలో మటన్ ధరలో సగమైనా పెట్టకుండా ఒంటికి బలమిచ్చే మాంసం దొరికే చోటు పేదవారికి మరొకటి లేదు. బల్ల దగ్గర ఎవరూ ఎవరి కులం అడగరు. ఊరిలో అలాంటి చోట్లు ఎన్ని ఉన్నాయో పాఠకులే లెక్క వేసుకోవచ్చు.

ఆ వంటలో ఒక విశేషముంది. మన రాష్ట్రంలో కోతకు వచ్చేది పాలకూ సేద్యానికీ పనికిరాకుండా పోయిన పశువు. ముదురు మాంసం. అది తొందరగా ఉడకదు. అందుకే పాయా తెల్లవారకముందే పొయ్యి ఎక్కాలి. సీకుల మాంసానికి పచ్చి బొప్పాయి పట్టించి నానబెట్టాలి. ఖీమాను ఓపికగా కొట్టాలి. చౌకగా దొరికే గట్టి మాంసాన్ని మెత్తగా, రుచిగా చేయడం తరతరాలుగా వచ్చిన విద్య. ఇక్కడికి రెండు మూడు గంటల ప్రయాణదూరంలో ఉన్న బెంగళూరులో ఇదే జాతి మాంసాన్ని మందపాటి ముక్కగా కోసి, పెనం మీద కాల్చి, ‘స్టేక్’ అని ఇంగ్లీషు మెనూలో వేస్తే అది నాగరికమైన భోజనం. మన చాచా ఇనుప సీకుకు గుచ్చి కాలిస్తే అది అనుమానించవలసిన పదార్థం! నిప్పు ఒకటే, మాంసం ఒకటే. మారేది తినేవాడి జేబు.

ఈ అనుమానానికి చట్టంలో ఆధారముందా? ఆంధ్రప్రదేశ్‌లో అమలులో ఉన్నది 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం. ఆవును, దూడలను వధించడాన్ని అది నిషేధించింది. ఎద్దులు, దున్నపోతులు, గేదెల విషయంలో సంపూర్ణ నిషేధం పెట్టలేదు. ఆ పశువు పాలకు, సేద్యానికి, సంతానోత్పత్తికి లాభసాటి కాదని అధీకృత అధికారి ధ్రువపత్రం ఇస్తే వధించవచ్చు. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మాంసం తినడాన్ని ఆ చట్టం నేరంగా ప్రకటించలేదు. అంటే దున్నపోతు మాంసంతో వండిన షేర్వాలో పరోటా ముంచుకుని తినే మనిషి ఏ చట్టాన్నీ అతిక్రమించడం లేదు. ఈ ఒక్క విషయం మన యువకులలో ఎందరికి తెలుసు? కవరు పట్టుకుని వెళ్ళేవాడిని దారిలో ఎవరో నిలదీస్తే తల దించుకోవడమే గాని, అడిగే అధికారం నీకెక్కడిదని ఎదురు ప్రశ్నించే ధైర్యం రాకపోవడానికి కారణం ఈ తెలియకపోవడమే.

హిందూపురం వారికి ఇంకొక చిక్కు కూడా ఉంది. ఊరు దాటి గౌరీబిదనూరు వైపు కొంత దూరం పోతే కర్ణాటక. అక్కడ 2021 నుంచి అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం ఆవులు, ఎద్దులు, పదమూడేళ్ళ లోపు గేదెలు, దున్నలు ఏవీ కోయరాదు. శిక్ష మూడు నుంచి ఏడేళ్ళ జైలు. గట్టుకు ఇవతల ధ్రువపత్రంతో చేయదగిన పని, అవతల ఏడేళ్ళ నేరం. సరిహద్దుకు రెండు వైపులా చుట్టరికాలున్న కుటుంబాలు మనవి. ఈదుకు చెల్లెలి ఇంటికి టిఫిన్ డబ్బాలో కూర తీసుకువెళ్ళే అన్న ఏ చట్టం కింద ప్రయాణిస్తున్నాడో తెలుసుకుని మరీ బస్సెక్కవలసి వచ్చింది.

అయినా మేము ఈ వ్యాసంలో కర్ణాటకను విమర్శించి ఊరుకోదలచలేదు. మన పురపాలక సంఘాలను అడగవలసింది చాలా ఉంది. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థల బాధ్యతలను పన్నెండవ షెడ్యూలులో 18 అంశాలుగా చేర్చింది. వాటిలో చిట్టచివరిది కబేళాలు, తోళ్ళ శుద్ధి కేంద్రాల క్రమబద్ధీకరణ. మరోవైపు, పురపాలక పరిధిలో గుర్తింపు లేదా లైసెన్సు పొందిన కబేళాలో తప్ప ఎక్కడా పశువును వధించరాదని 2001 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. కబేళాను చూసుకోవలసినది మునిసిపాలిటీ. అది లేకుండా కోసినవాడు నేరస్తుడు. మునిసిపాలిటీ తన పని తాను చేయకపోతే శిక్ష పడేది ఎవరికి? పెరట్లోనో, ఊరి చివరో చాటుగా కోసుకోవలసి వచ్చిన ఖురేషీ సోదరునికి, ఆ మాంసం కొన్న హోటల్ చాచాకు. కమిషనరుకు కాదు, కౌన్సిలరుకు కాదు.

చాటుగా జరిగే ప్రతి పనికీ ఒక మామూలు ఉంటుంది. రోగమున్న పశువును డాక్టరు చూడడు. రక్తం, పేగులు కాలువలో కలుస్తాయి. ఆ కాలువ పారేది మన గల్లీలలోనే. తహారత్ లేకుండా నమాజు లేదని నమ్మే సమాజం, తాను తినే మాంసం ఎక్కడ, ఏ నీటితో కడిగి వస్తున్నదో అడగకుండా ఎలా ఊరుకుంటోంది? జిబహ్ సక్రమంగా జరిగిందా అన్నంతవరకే మన విచారణ ఆగిపోతోంది. హలాల్ తో పాటు తయ్యిబ్ కూడా మనకు ఆదేశమే కదా.

ఈ దేశానికి పరిశుభ్రమైన కబేళా కట్టడం చేతకాదని ఎవరూ అనలేరు. ఏటా 300 కోట్ల డాలర్లకు మించిన గేదె మాంసం భారతదేశం నుంచి విదేశాలకు పోతోంది. మెదక్ ప్రాంతంలోని రుద్రారం పేరు ఎగుమతి కబేళా వల్లనే తెలుగువారందరికీ తెలిసింది. డాక్టరు పరీక్ష, శీతల గదులు, ముద్ర, కాగితం అన్నీ విదేశీ పళ్ళానికి ఉన్నాయి. హిందూపురం పళ్ళానికి మాత్రం నల్ల కవరు.

ఇక్కడ మనవారికి కూడా ఒక మాట చెప్పాలి. కాస్త సంపాదన రాగానే మనలో కొందరికి బడే కా అంటే నామోషీ పట్టుకుంటుంది. వలీమా పిలుపులోనే ‘ఛోటే కా’ అని వినిపించేలా చెబుతారు. అప్పు చేసి అయినా మటనే వండిస్తారు. ఆ అప్పు తీర్చేది పెళ్ళికూతురి తండ్రి. దావత్‌లో కూర్చుని ‘మా ఇంట్లో అది తినం’ అని పక్కవాడికి చెప్పుకునే పెద్దమనుషులను మేము చూశాము. తినకపోవడం ఎవరి ఇష్టం వారిది. ఆరోగ్యం కోసం మానేసినవారూ ఉన్నారు. కానీ ‘తినం’ అన్న మాటను గొప్పగా చెప్పుకున్నప్పుడల్లా, తినేవాడు తక్కువవాడని మనమే ఒప్పుకున్నట్టు అవుతోంది. అంజుమన్లలో, కమిటీలలో ఉన్నవారు ఈ వర్గం నుంచే వస్తారు గనుకనే కాబోలు, ఉర్దూ టీచర్ల పోస్టుల మీద, వక్ఫ్ భూముల మీద వినతిపత్రాలు వెళతాయి గాని, కబేళా మీద ఒక్క కాగితం వెళ్ళదు.

ఇది మనకు మాత్రమే సంబంధించిన విషయమూ కాదు. వానలు ముఖం చాటేసే ఈ సీమలో గడ్డి లేని ఏడు, దున్నలేని ఎద్దును, ఒట్టిపోయిన గేదెను రైతు ఎక్కడికి తోలాలి? సంతలో అమ్మితే వచ్చే డబ్బుతోనే మరొక పశువు కొనేది. 2017 మే నెలలో కేంద్రం సంతలలో కోతకు పశువుల అమ్మకాన్ని నిషేధిస్తూ నిబంధనలు తెచ్చినప్పుడు హైదరాబాదు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళింది జమీయతుల్ ఖురేష్ వారే. ఆ జూలైలో న్యాయస్థానం ఆ నిబంధనల నిలుపుదలను దేశమంతటికీ వర్తింపజేసింది. అందులో మేలు పొందిన రైతులలో ఎక్కువమంది హిందువులేనని మనం గట్టిగా చెప్పుకోలేదు. దళితుల సంగతి సరేసరి. 2016 ఆగస్టులో అమలాపురంలో కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న దళిత సోదరులను చెట్టుకు కట్టి కొట్టినప్పుడు వారు కోయనూ లేదు, దొంగిలించనూ లేదు. కొట్టినవారికి ఆ తేడా అవసరం లేకపోయింది. హోటల్ బల్ల దగ్గర పక్కపక్కన కూర్చునే మనమూ వారూ మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద కూడా పక్కపక్కన నిలబడితే ఆ వినతిపత్రం బరువు వేరు.

అందుకని మూడు పట్టణాలలోని మసీదు కమిటీలకు, ఖురేషీ బిరాదరీలకు, దళిత సంఘాలకు మా సూచన ఇది. బక్రీద్ వచ్చేదాకా ఆగవద్దు. పండుగ ముందు అడిగితే బందోబస్తు గురించి మాట్లాడతారు తప్ప కబేళా గురించి మాట్లాడరు. ముందుగా సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో పురపాలక సంఘానికి ఒక దరఖాస్తు పెట్టండి. మన పట్టణంలో గుర్తింపు పొందిన కబేళా ఎక్కడ ఉంది? పెద్ద పశువుల కోతకు అందులో ఏర్పాటు ఉందా? గడచిన మూడేళ్ళలో దానికి కేటాయించిన నిధులెన్ని, ఖర్చు పెట్టినవెన్ని? పశుసంవర్ధక శాఖకు మరొకటి: 1977 చట్టం కింద ధ్రువపత్రం ఇచ్చే అధికారి ఎవరు, ఏ రోజులలో అందుబాటులో ఉంటారు, గత ఏడాది ఎన్ని పత్రాలు ఇచ్చారు? ముప్పై రోజులలో జవాబు రావాలి. ఈలోగా హోటళ్ళు నడిపే సోదరులు ఆహార భద్రత చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. చిన్న వ్యాపారులకు దాని రుసుము ఏడాదికి వంద రూపాయలు. చదువుకున్న పిల్లలు దగ్గర కూర్చుని ఆ ఫారం నింపిపెట్టాలి. రిజిస్ట్రేషన్ కాగితం చేతికి రాగానే దాన్ని అద్దం కట్టించి గల్లాపెట్టె వెనుక గోడకు తగిలించాలి. ఆ తరువాత పెయింటర్‌ను పిలిచి బోర్డు రాయించవచ్చు.