పెద్దవాళ్లకు ముందే చెప్పండి

అక్టోబర్‌లో డల్లాస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లన్నీ పండగ సందడిలో ఉంటాయి. చాలా ఇళ్లలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా ఉంటారు. ఉత్తరం నుంచి చల్లగాలి దిగేదీ ఈ రోజుల్లోనే. మెక్సికో గల్ఫ్ మీంచి వచ్చే తేమగాలికి అది ఎదురైతే ఉరుములు, వడగళ్లు, ఒక్కోసారి టోర్నడో. టోర్నడోలు వసంతకాలం బెడదేనని చాలామంది ధీమాగా ఉంటారు.

2019 అక్టోబర్ 20న ఆ ధీమా చెదిరింది. ఆదివారం రాత్రి తొమ్మిది కావస్తోంది, టీవీల్లో డల్లాస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ మ్యాచ్ నడుస్తోంది. అప్పుడు ఉత్తర డల్లాస్‌లో దిగిన టోర్నడో గంటకు 140 మైళ్ల గాలితో, 15 మైళ్లకు పైగా సాగి రిచర్డ్‌సన్ దాకా వెళ్లింది. థామస్ జెఫర్సన్ హైస్కూలు దెబ్బతింది. అంత విధ్వంసంలోనూ ఒక్క ప్రాణం పోలేదు. హెచ్చరిక వెళ్లడం, జనం దాన్ని నమ్మి తలదాచుకోవడం అందుకు పెద్ద కారణమని నా నమ్మకం.

అలాంటి హెచ్చరికకు ముందు ఉరుముల మేఘం వస్తుందో రాదో అంచనా వేయడం తేలిక పని కాదు. నేల దగ్గర తేమ ఎంతున్నా, పైనున్న వెచ్చటి గాలి పొర గిన్నె మీద మూతలా దాన్ని అదిమి ఉంచుతుంది. పొర నిలిస్తే ఆ రోజు ఊరికే గడిచిపోతుంది. తెగిందా, మేఘం నలభై వేల అడుగులు దాటేస్తుంది. ఆ పొర ఎంత బలంగా ఉందో రోజూ రెండుసార్లు వదిలే వాతావరణ బెలూన్లు కొలుస్తాయి. 2025లో సిబ్బంది కొరతతో కొన్ని వాతావరణ కేంద్రాల్లో వాటిని తగ్గించారు. పొదుపు చేయాల్సిన చోటు అది కాదు.

ఇక మన ఇంటి సంగతి. ఫోన్‌లో కీచుమని వచ్చే హెచ్చరిక తెలుగులో రాదు. కొడుకూ కోడలూ ఆఫీసుకెళ్లాక సైరన్ మోగితే, పెద్దావిడ అదేమిటోనని వాకిట్లోకి వస్తుంది. ఆ సైరన్ మోగేదే బయటివాళ్లను లోపలికి వెళ్లమని! డల్లాస్ ఇళ్లకు నేలమాళిగలు తక్కువ. అందుకే పెద్దవాళ్లు దిగిన వారంలోనే మెట్ల కింద బియ్యం బస్తాలు, పచ్చడి జాడీలు పెట్టుకునే కిటికీల్లేని గదిని దగ్గరుండి చూపించాలి. చెప్పులు, టార్చి, మందులు అక్కడే ఉంచాలి. ‘వాచ్’ అంటే టోర్నడో వచ్చే వీలుందని, ‘వార్నింగ్’ అంటే రాడార్‌లోనో కళ్లెదుటో కనిపించిందని, వార్నింగ్ రాగానే పొయ్యి కట్టేసి ఆ గదిలోకి వెళ్లాలని చెప్పాలి. టాంటెక్స్ లాంటి తెలుగు సంఘాలు బతుకమ్మ ఆహ్వానంతోపాటు ఈ నాలుగు మాటలూ వాట్సాప్‌లో తెలుగులో పంపాలి. గొంతుతో పంపితే మరీ మంచిది, కళ్లజోడు వెతుక్కునే పని ఉండదు.